దెరామన్ దారి

మా కువాలా బెలిబిస్‌లో ఎవరైనా కూర మాడబెట్టినా, కొలత తప్పి రవిక పాడుచేసినా, సంతకని బయల్దేరి పక్క ఊళ్ళో తేలినా "దెరామన్ దారి పట్టింది" అంటారు. నేనూ అన్నాను. నా పిల్లల్ని అన్నాను, మనవల్ని అన్నాను, ఒకసారి పెళ్ళివంటలో కొబ్బరిపాలు విరగ్గొట్టిన మా చెల్లెల్ని నలుగురి ముందూ అన్నాను. ఆ మాట వెనక ఉన్న కథ ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా వచ్చు. యాభై ఏళ్ళ కిందట కంపెనీవాళ్ళ మొట్టమొదటి పొగ ఓడ మా ఏటి మొగలోకి వచ్చినప్పుడు దారి చూపడానికి దెరామన్ అనే సరంగు ఎక్కాడట. కల్లు తాగి ఉన్నాడట. ఓడని తిన్నగా తీసుకెళ్ళి ఇసుక మేట మీద కూర్చోబెట్టాడట. అప్పుడతని బావమరిది కులూప్ వెళ్ళి, ఓడని మేట మీంచి దింపి, రేవులోకి తెచ్చి లంగరు వేయించాడట. ఆ రోజు ఆ ఓడ మేట మీదే విరిగిపోయి ఉంటే ఇక్కడ రేవు లేదు, మిరియాల గోదాములు లేవు, బడి లేదు. కాబట్టి ఈ ఊరిని పుట్టించినవాడు కులూప్, పుట్టకముందే చంపబోయినవాడు దెరామన్.

ఇది అబద్ధం. ఇందులో నిజమైన ముక్క ఒక్కటే, ఓడ మేటెక్కడం.

నాకెలా తెలుసని అడుగుతారు. నా సంగతి ఈ వీధికి కొత్త కాదు. పక్కింట్లో ఉల్లిపాయలు వేగితే ఎవరొచ్చారో కనుక్కోకుండా నాకు అన్నం సయించదు. బడిలో నాలుగు తరగతులు చదివాను, అక్షరం ముక్క రాస్తాను, లెక్క తప్పను. దెరామన్ మావయ్య ఇల్లు మా వెనక వీధి చివర, మడ చెట్లలో ఉంది. అతని పెళ్ళాం జెనాబ్ అత్త పోయే ముందు రెండు నెలలు మంచం మీద ఉంటే జావ తాగించింది నేనే. వింటున్నాను కదా అని ఆవిడ చెప్పింది. ఆవిడ చెప్పినది పదకొండేళ్ళు కడుపులో దాచుకున్నాను. మనిషి పోయింది, వినాల్సినవాళ్ళు వినే దశలో లేరు, ఎందుకులే అనుకున్నాను. మొన్న ఊరికి యాభై ఏళ్ళు నిండాయని జూబిలీ వచ్చి ఆ మూత తీసింది.

జూబిలీకి రేవు మొదట్లో ఒక ఇత్తడి పలక పెడతామన్నారు. ఊరిని స్థాపించినవాళ్ళ పేర్లు దాని మీద చెక్కిస్తారు. ఇక చూడండి గొడవ. ముందు దొరల గురించి. హాల్‌క్రాఫ్ట్ దొర తొమ్మిది రోజులున్నాడు. జెండా పాతాడు, రాజుగారి మనిషి చేత కాగితం మీద ముద్ర వేయించుకున్నాడు, దోమల్ని తిట్టుకున్నాడు, ఓడెక్కి పోయాడు. ఆ తర్వాత అయిదు నెలలకి వచ్చిన పెంబ్రీ దొర పదకొండేళ్ళున్నాడు. బురద పూడ్పించాడు, రోడ్డు వేయించాడు, ఇద్దరు పిల్లల్ని ఇక్కడే మట్టిచేశాడు. పెద్ద వీధి కొట్లవాళ్ళు హాల్‌క్రాఫ్ట్ అన్నారు, ఎందుకంటే ఆ వీధికి ఆ దొర పేరుంది. సుంకాల ఆఫీసువాళ్ళు పెంబ్రీ అన్నారు, ఎందుకంటే ఆ భవనం ఆయన కట్టించినది. కమిటీలో కుర్చీలు కూడా విరిగాయని విన్నాను. పొయ్యి వెలిగించినవాడికా పేరు, పదకొండేళ్ళు వంట చేసినవాడికా అని వాళ్ళ తగువు. కట్టెలు మోసుకొచ్చిందెవరని ఎవరూ అడగలేదు.

చివరికి ఇద్దరు దొరల పేర్లూ వేద్దామని తేలింది. మన ఊరి మనిషి ఒకడైనా లేకపోతే బాగుండదని ఎవరో అంటే, కింద చిన్న అక్షరాల్లో "దారి చూపిన సరంగు, కులూప్" అని రాయడానికి ఒప్పుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారట. గురువారం పడవలో ఆ మాటలు పట్నంలో పోతపోసేవాడి దగ్గరికి వెళ్ళాలి.

ఆ సంగతి నేను దెరామన్ మావయ్య కూతురు మెలూర్ నోట విన్నాను. మెలూర్‌కి యాభై నిండాయి, చేపలమ్ముతుంది, దేనికీ ఏడవదు. చేప పొలుసు తీస్తూ, తల ఎత్తకుండా చెప్పింది. "మా మేనమామ పేరు ఇత్తడి మీద వేస్తారంట. మా నాన్న పేరైతే అప్పుడే అందరి నోట్లోనూ ఉందిగా, దానికి ఇత్తడెందుకు." అంతే అని కత్తి గట్టిగా గీసింది.

దెరామన్ మావయ్యకి డెబ్భై ఆరేళ్ళు. సన్నగా, పొడుగ్గా, ఎండిన పేము బద్దలా ఉంటాడు. ఇంటి కింద గుంజల మధ్య కూర్చుని చేపలు పట్టే బుట్టలు అల్లుతాడు. ఆయన అల్లిన బుట్టలో పడ్డ పీత బయటికి రాదు, అది ఆయన శత్రువులు కూడా ఒప్పుకుంటారు. యాభై ఏళ్ళుగా అదే పని. కానీ ఏటా ఈశాన్య గాలి తగ్గగానే ఒక పాత పడవ తోసుకుని, గెడ పట్టుకుని, ఒక్కడే మొగలోకి వెళ్తాడు. పది పదకొండు రోజులు పోటుకీ పాటుకీ తిరుగుతూ గెడతో లోతులు చూసుకుంటాడు. ఆ మనిషిని ఏ ఓడా పిలవదు. ఆయన పేరు మీద సరంగు పని చెయ్యకూడదని కంపెనీ కాగితం ఉంది. అయినా వెళ్తాడు. ఇప్పుడు రేవులో జీతం తీసుకుంటున్న సరంగులు దూరంగా పడవలు ఆపుకుని ఆయన గెడ ఎక్కడ దిగిందో, ఎంత మునిగిందో చూసి రాసుకుంటారు. అందరికీ తెలుసు. ఎవరూ అనరు.

ఇక్కడ తాడు సంగతి చెప్పాలి. మా మొగ సరంగులకి దారి తలలో ఉండదు, తాడులో ఉంటుంది. ఒక్కొక్కరికీ ఒక పేము తాడు. దారి మలుపు తిరిగే చోటల్లా ఒక ముడి. ముడికీ ముడికీ మధ్య ఎన్ని గెడల దూరమో అన్ని వేళ్ళ ఎడం. మేట పొంచి ఉన్న చోట ఒక గవ్వ. నడిపించేటప్పుడు సరంగు నీళ్ళని చూడటం కన్నా ఎక్కువగా చేతిలో తాడునే వేళ్ళతో తడుముతాడు. నాలుగు నెలల గాలి కొట్టాక మేటలు చోటు మారతాయి కనుక ప్రతి ఏడూ కొత్త తాడు కట్టాలి. కట్టిన రోజే పాత తాడుకి రాయి కట్టి మొగలోనే ముంచెయ్యాలి. పోయిన ఏటి తాడు ఇంట్లో ఉండటం పామును ఉట్టి మీద పెట్టుకోవడం లాంటిదని పాత సరంగులు అనుకునేవారు. ఒక్క మినహాయింపు ఉంది. ఇంట్లో బిడ్డ పుడితే నలభై రోజుల దాకా తండ్రి నీళ్ళలోకి ఏదీ విసరకూడదు, ముంచకూడదు.

ఆ ఏడు గాలి తగ్గిన వారానికే మెలూర్ పుట్టింది. దెరామన్ మావయ్య మొగంతా కొలిచి కొత్త తాడు కట్టుకున్నాడు. పాతది గోడకి తగిలించి ఉంచాడు, నలభై రోజులు పూర్తయ్యాక ముంచుదామని.

ఆ నలభై రోజుల్లోనే పొగ ఓడ వచ్చి మొగ బయట ఆగింది. ఓడ దొర, అంటే హాల్‌క్రాఫ్ట్, పై రేవుల్లో ఎవరినో అడిగి వచ్చాడు, ఈ మొగలో దెరామన్ అనే సరంగుని తప్ప ఇంకెవరినీ ఎక్కించుకోవద్దని చెప్పి పంపారు. అంత పేరు. ఆ రోజు దెరామన్ మావయ్య ఏటి ఎగువకి పేము కొయ్యడానికి వెళ్ళాడు, కొత్త తాడు నడుముకే చుట్టుకుని. ఇంట్లో బాలింత జెనాబ్ అత్త, పసిపిల్ల. అప్పుడు జెనాబ్ అత్త తమ్ముడు కులూప్ వచ్చాడు.

కులూప్ చెడ్డవాడేం కాదు అని జెనాబ్ అత్త నాతో మూడుసార్లు అంది. ఎప్పుడైనా ఒక మాట మూడుసార్లు అన్నారంటే అందులో ఏదో ఉందని నాకు తెలుసు. ఇరవై మూడేళ్ళు, పనీపాటా లేదు, చక్కటి మొహం, మాట తేనె. అక్క దగ్గర కూర్చుని, బావ తాడొకసారి ఇయ్యి, చూసి నేర్చుకుంటాను, నాకూ ఒక బతుకు కావాలి కదా అన్నాడు. "పాత తాడే కదే అమ్మా," అంది ఆవిడ నాతో, జావ గిన్నె పక్కకి తోసేస్తూ. "రేపో మాపో ముంచేసేదే కదా అని ఇచ్చాను. వాడు దాన్ని పట్టుకుని ఓడెక్కుతాడని నాకేం తెలుసు."

ఎక్కాడు. దెరామన్ కావాలన్నారు కనుక, నేనే దెరామన్ని అన్నాడు. పోయిన ఏటి తాడు పట్టుకుని ఓడని లోపలికి నడిపించాడు. రెండో మలుపులో, పోయిన ఏడు నీళ్ళున్న చోట, ఈ ఏడు ఇసుకుంది. ఓడ కూర్చుంది. అది కూర్చున్న చప్పుడు ఇంట్లో బాలింత మంచం దాకా వినిపించిందట.

మధ్యాహ్నం ఎగువ నుంచి వస్తూ దెరామన్ మావయ్య దాన్ని చూశాడు. పడవలో పేము అక్కడే ఒడ్డున పారేసి మొగలోకి వెళ్ళాడు. ఓడెక్కాడు. దుబాసీ అడిగాడు, నువ్వెవరివని. ఇక్కడే చిక్కు. నీళ్ళ మీద పని జరుగుతున్నంత సేపు సరంగు తన పేరు తను పలకడు. లంగరు పడి గొలుసు బిగిసేదాకా పలకడు. తన నోటితో పేరు చెబితే నీళ్ళు గుర్తుపెట్టుకుని ఎప్పుడో ఒకప్పుడు అడుగుతాయని మావాళ్ళ నమ్మకం. నా మొగుడూ సముద్రం మీదే బతికాడు, నాకూ ఆ నమ్మకం ఉంది, నవ్వేవాళ్ళు నవ్వుకోండి. దెరామన్ మావయ్య బదులు చెప్పలేదు. వేలితో కులూప్‌ని చూపించాడు, అతన్ని అడగండని. అందులో తప్పేముంది. మీరైనా మీ బావమరిదినే చూపిస్తారు.

కులూప్ ఏం చెప్పగలడు? తను దెరామన్ అని పొద్దున్నే చెప్పేశాడు. "మా బావమరిది," అన్నాడు. "పేరు కులూప్."

జెనాబ్ అత్త ఈ ముక్క చెప్పినప్పుడు గోడ వైపు తిరిగి పడుకుంది. వాడు తన పేరు తనే నీళ్ళకి వినిపించాడు, నీళ్ళు వాణ్ణేమీ అనలేదు అంది. నిజమే. కులూప్ డెబ్భై ఏళ్ళ దాకా బతికి, మెత్తటి పరుపు మీద, కొడుకుల చేతుల్లో పోయాడు.

ఆ సాయంత్రం పోటు నీరు నిండేదాకా ఆగి, ఓడని వెనక్కి లాగించి, కొత్త తాడు ముడి ముడికీ తడుముకుంటూ దెరామన్ మావయ్య దాన్ని తెచ్చి రేవులో నిలబెట్టాడు. లంగరు పడింది. దొర వచ్చి భుజం మీద చెయ్యి వేసి, కులూప్, శభాష్ అన్నాడు. ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తోంది.

అప్పుడు చెప్పొచ్చుగా అంటారు. చెప్పబోయాడట. ఇంటికొచ్చి కొత్త తాడు గోడకి తగిలించబోతే, అక్కడ పాతది లేదు. జెనాబ్ అత్త చంకలో పిల్లతో కాళ్ళ దగ్గర కూర్చుని తమ్ముడి కోసం బతిమాలింది. దారి తప్పినందుకు దొర వాణ్ణి రెండు తిట్టి దించేశాడు. దొంగ పేరు చెప్పాడని తెలిస్తే సంకెళ్ళేస్తాడు, ఓడలో తీసుకుపోతాడు. తొమ్మిది రోజుల్లో ఓడ పోతుంది. పోయాక ఎవరి పేరు వాళ్ళది. తొమ్మిది రోజులు ఊరుకో. ఆవిడ అడిగింది అంతే. ఆయన ఊరుకున్నాడు. తొమ్మిది రోజులు దొర కులూప్ అని పిలిస్తే పలికాడు.

ఓడ పోయింది. ఓడ పుస్తకం కూడా దానితోనే పోయింది.

అయిదు నెలలకి పెంబ్రీ దొర వచ్చాడు. ఆయన ఇక్కడ ఎవరి మొహమూ చూసినవాడు కాదు. చేతిలో ఉన్నది హాల్‌క్రాఫ్ట్ దొర రాసిచ్చిన కాగితం. అందులో ఉన్నది ఇది: కులూప్ అనే సరంగు నమ్మకస్తుడు, అతన్ని రేవు పెద్దగా పెట్టండి. దెరామన్ అనే సరంగు ఓడని ఇసుకెక్కించాడు, అతన్ని ఏ ఓడా ఎక్కనివ్వకండి. ఊరందరినీ రేవు దగ్గరికి పిలిపించి చదివించాడు. కులూప్ ఎవరని అడిగితే కులూప్ ముందుకొచ్చాడు. తన పేరే కదా. అంత సులువుగా అయిపోయింది. ఆ రోజు నుంచి రేవు పెద్దరికం అతనిది, రేవు చుట్టూ స్థలాలు ఎవరికివ్వాలో చెప్పే పనీ అతనిదే. ఓడల్ని నడపడం మాత్రం చేతకాదు కనుక ఇద్దరు బయటి సరంగుల్ని జీతానికి పెట్టుకున్నాడు. వచ్చే ఓడలో బావ పేరు సరిచేయిస్తానని అక్కకి మాటిచ్చాడు. ఆ వచ్చే ఓడ యాభై ఏళ్ళలో రాలేదు. దానికి బదులు తాగుబోతు కథ వచ్చింది. దాన్ని ఎవరు పుట్టించారో నేను కనిపెట్టలేకపోయాను గానీ, అది పెరిగింది మాత్రం కులూప్ అరుగు మీదే.

దెరామన్ మావయ్య గొంతులో ఒక్క చుక్క కల్లు దిగలేదు. ఆ మాట మసీదు ఊడ్చేవాడు కూడా చెబుతాడు.

నేను చిన్నప్పుడు మా నాన్నని అడిగాను. రేవులో పేర్లు చదివిన రోజుకి నేనింకా పుట్టలేదు, ఆ తర్వాత రెండేళ్ళకి పుట్టాను. దెరామన్ మావయ్య నిజంగా ఓడని పాడుచేశాడా నాన్నా అంటే, ఆ సంగతి మనకెందుకే అన్నాడు. వదల్లేదు నేను. పేర్లు చదివినప్పుడు ఆయనేమీ అనలేదా అన్నాను. గుంజలా నిలబడ్డాడు, నోట మాట లేదు అన్నాడు నాన్న. తర్వాత జెనాబ్ అత్త కథ విన్నాక ఈ రెండూ నాలో నేనే కలుపుకున్నాను. పెళ్ళాం తమ్ముడి కోసం, పెళ్ళాం పరువు కోసం, మనిషి తన నోరు తనే కుట్టేసుకున్నాడు. ఎంత మనసు! ఈ కథ తలచుకుని ఒకటి రెండుసార్లు కళ్ళు కూడా తుడుచుకున్నాను.

ఇక పలక సంగతికొస్తాను. సోమవారం పొద్దున వాసనకి పాన్‌దాన్ ఆకు వేసి జిగురన్నం వండి, ఒక పళ్ళెంలో పెట్టుకుని జూబిలీ గుమాస్తా తాజుల్ దగ్గరికి వెళ్ళాను. పట్నంలో చదువుకున్నవాడు, మంచివాడు, అన్నం చూస్తే మెత్తబడతాడు. మొత్తం చెప్పాను. అతను సగం తిని, చెయ్యి కడుక్కుని, బీరువాలోంచి హాల్‌క్రాఫ్ట్ దొర ఓడ పుస్తకం నకలు తీశాడు. చదివి వినిపించాడు. "పొద్దున దెరామన్ అనువాడు ఓడను ఇసుక మీదికి చేర్చెను. సాయంకాలము కులూప్ అనువాడు మిక్కిలి నేర్పుతో రేవునకు తెచ్చెను." ఇంకో వాక్యం ఉంది. కులూప్ అనువాడు పొడవుగా, సన్నగా, దెరామన్ అనువానికంటె వయసులో పెద్దగా ఉండి, పని ముగిసేవరకూ ఒక్క మాట మాట్లాడలేదని.

తాజుల్ పుస్తకం మూసి నా వైపు చూశాడు. మా కులూప్ పొట్టివాడు, బొద్దుగా ఉండేవాడు, నిద్రలో కూడా మాట్లాడేవాడు. చావిట్లో అతని పటం తాజుల్ తల మీదే వేలాడుతోంది.

"నాకు అర్థమైంది పెద్దమ్మా," అన్నాడు. "కానీ నాకు అర్థమైతే చాలదు. ఆయనే వచ్చి చెప్పాలి. వేలిముద్ర వెయ్యాలి. బుధవారం సాయంత్రం దాకా ఆపగలను. వాళ్ళడిగే మొదటి ప్రశ్న ఒకటే. ఇన్నేళ్ళూ ఎందుకు ఊరుకున్నావని."

అదే ప్రశ్న మంగళవారం మా అరుగు మీదికి వచ్చి ఇంకొకడు అడిగాడు. కులూప్ కొడుకు సిదిక్, ఇప్పటి రేవు పెద్ద. తాజుల్ చెప్పలేదు, ఆ ఆఫీసులో గోడలకి కూడా చుట్టరికాలున్నాయి. చెప్పులు విప్పకుండానే నిలబడ్డాడు. నేను తమలపాకు ఇచ్చాను, తీసుకోలేదు. తన తండ్రిని సమాధిలోంచి లేపి దొంగని చేస్తున్నానన్నాడు. నేనేమీ లేపట్లేదు, పలకెక్కించి లేపుతున్నది మీరే అన్నాను. అప్పుడు నవ్వాడు.

"యాభై ఏళ్ళు నోరు లేని ముసలాయనకి ఇప్పుడు నువ్వు నోరు అతికిస్తున్నావా అత్తా?" అన్నాడు. "నిజమైతే ఆ రోజే అనేవాడుగా. ఊరంతా అక్కడే ఉంది. ఒక్క మాట అనలేదంటే ఏంటి దానర్థం? మీ నాన్ననే అడిగి ఉండాల్సింది."

అతను వెళ్ళాక తమలపాకు మళ్ళీ పెట్టెలో పెట్టేశాను. వాడి మాటకి నా దగ్గర జవాబుంది, జెనాబ్ అత్త కోసం ఊరుకున్నాడు అని. కానీ అది నేనల్లుకున్నది, ఆయన చెప్పినది కాదు. పదకొండేళ్ళుగా ఆ ఇంటికి వెళ్తున్నాను, కూర ఇస్తున్నాను, చేప తెచ్చుకుంటున్నాను. ఎవరింట్లో ఎన్ని గుడ్లు పొదిగాయో అడిగే నేను ఆయన్ని ఈ ఒక్క మాట అడగలేదు. అడిగితే ముసలిప్రాణం నొచ్చుకుంటుందని అనుకున్నాను. అంత మంచిదాన్ని కాదు నేను. నా కథ బాగుంది, దాన్ని పాడుచేసుకోవడం ఇష్టం లేక అడగలేదు.

బుధవారం పొద్దున వెళ్ళాను. మెలూర్ చేపల సంతకి పోయింది. ఆయన ఇంటి కింద బుట్ట మూతి అల్లుతున్నాడు. కూర్చోమని పీట చూపించాడు. నేను పలక సంగతి, తాజుల్ సంగతి, ఓడ పుస్తకంలో పొడవాటి మనిషి సంగతి చెప్పాను. జెనాబ్ అత్త నాతో అన్నదంతా చెప్పాను, తాడుతో సహా. ఆయన చేతులు ఆగలేదు. తాడు ఎవరిచ్చారో తనకి ఆ రాత్రే తెలుసని మాత్రం అన్నాడు. దాని గురించి ఆవిణ్ణి ఒక్క మాట అనలేదట, ఆవిడ కూడా పోయేదాకా ఎత్తలేదట. ఒకే కంచంలో తిన్నాం ముప్ఫై తొమ్మిదేళ్ళు, అన్నాడు, మధ్యలో ఆ తాడు పెట్టుకుని.

సాయంత్రంలోగా తాజుల్ దగ్గరికి రావాలన్నాను. వేలిముద్ర వేస్తే నీ పేరు ఇత్తడి మీద ఉంటుంది, మెలూర్ మనవలు చదువుకుంటారు, దెరామన్ దారి అన్నవాడి నోటి మీద కొట్టొచ్చు అన్నాను. వినిపించుకున్నాడో లేదో తెలియలేదు. పేము బద్దని తడిపి, పళ్ళతో చీల్చి, మళ్ళీ అల్లడం మొదలుపెట్టాడు.

ఇక అడిగేశాను.

"మావయ్యా, ఒక్కటి చెప్పు. తాజుల్ అడుగుతాడు, సిదిక్ అడుగుతున్నాడు, అందుకని నేనే ముందు అడుగుతున్నాను. పెంబ్రీ దొర రేవులో పేర్లు చదివిన రోజు నువ్వెందుకు నోరు విప్పలేదు? అత్త కోసమేనా?"

అప్పుడు చేతులు ఆగాయి. బుట్ట పక్కన పెట్టాడు. నా మొహం వైపు చూశాడు, ఏ కోపమూ లేకుండా, లోతు చూస్తున్నట్టు.

"నోరు విప్పలేదని నీకెవరు చెప్పారమ్మా? మీ నాన్నా? విప్పాను. మీ అత్త అడిగింది తొమ్మిది రోజులు, అవి అయిపోయి అయిదు నెలలైంది. కులూప్ ముందుకి రాగానే నేనూ వెళ్ళాను. ఓడని తెచ్చింది నేను, వాడు కాదు అన్నాను. మూడుసార్లు అన్నాను. దొర మంచోడే, వెంటనే వాడి మాట నమ్మలేదు. దుబాసీని ఊరి వైపు తిప్పి అడిగించాడు, వీళ్ళిద్దరిలో ఓడని రేవులోకి తెచ్చింది ఎవరో మీరు చెప్పండి అని. అరవై ఇళ్ళవాళ్ళు నిలబడ్డారక్కడ. ఆ సాయంత్రం ఒడ్డు మీంచి నన్ను చూసినవాళ్ళే, అందరూ. అంతకు ముందు వారమంతా కులూప్ ఇంటింటికీ తిరిగాడు, రేవు పక్కన ఎవరికెంత స్థలమో చెప్పుకుంటూ. ఒక్కడూ పలకలేదు. దుబాసీ ముందు వరసలో ఉన్నవాణ్ణి పట్టుకుని, నువ్వు చెప్పు అన్నాడు. నాతో ఈత నేర్చుకున్నవాడు, నా పెళ్ళిలో నా పక్కన కూర్చున్నవాడు. వాడు నా కళ్ళల్లోకి చూసి, వేలెత్తి కులూప్‌ని చూపించాడు. మీ నాన్న. వాడి తర్వాత ఒకరి వెనకాల ఒకరు అందరూ వేళ్ళెత్తారు. ఇప్పుడు ఈ ఊరిని ఎవరు పుట్టించారని రాసుకుంటున్నారుగా, రాసుకోండి. నా పేరు వేయిస్తానంటే వేయించు, వద్దనను. నా ఒక్కడిదే వద్దు. ఆ రోజు వేలెత్తినవాళ్ళ పేర్లన్నీ దాని కింద వేయించు. నాకందరూ గుర్తే. కాగితం తెచ్చుకో, మీ నాన్నతో మొదలుపెడతాను."